ఒక ఆదివారం అద్భుతం, ఇంకో ఆదివారం నీళ్ల పులుసు: ఇంటి దగ్గరి హోటల్‌కి వెళ్లాలా, మానేయాలా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాం. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్ ఉంది. కింద మామూలు హాలు, పైన ఏసీ, ఆ పైన చిన్న ఫంక్షన్ హాలు. ఆంధ్రా మీల్స్, బిర్యానీ, తందూరి, చైనీస్ అన్నీ దొరుకుతాయి. నేను, మావారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, అత్తగారు, మామగారు దాదాపు ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అక్కడే తింటాం. ఒక వారం నాటుకోడి పులుసు ఎంత బాగుందంటే ఇంటికి పార్సిల్ కూడా కట్టించుకున్నాం. తర్వాతి వారం అదే పులుసు నీళ్లనీళ్లగా ఉంది, ముక్క సాగుతోంది. బిర్యానీ ముందు వచ్చేస్తుంది, కబాబులు అది తినేశాక వస్తాయి. మంచినీళ్లు రెండుసార్లు అడగాలి. పోయిన ఆదివారం చేపల వేపుడు తిన్నాక అత్తగారికి గొంతు పట్టేసింది. 2,400 రూపాయల భోజనానికి పది శాతం సర్వీస్ చార్జ్, దాని మీద జీఎస్టీ కలిపి 2,772 బిల్లు వేశారు. మావారేమో 'ఓనర్ రోజూ పలకరిస్తాడు, ఏం అడుగుతాం, వదిలేయ్' అంటారు. అమ్మాయి ఒక స్టార్ ఇచ్చి రివ్యూ పెడతానంటోంది. పైగా వచ్చే నెలలో ఒక ఆదివారం మామగారి 70వ పుట్టినరోజు. 60 మందికి ఆ హోటల్ పై హాల్లోనే భోజనాలు పెట్టాలని ఆయన కోరిక. నాకు ఇప్పటి నుంచే టెన్షన్. వాళ్లకి ఇవ్వచ్చా? అసలు నేనే ఎక్కువ ఆశిస్తున్నానా?
ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి. మీరు ఎక్కువేమీ ఆశించడం లేదు. సరిగ్గా ఉడికిన కూర, అడిగినప్పుడు మంచినీళ్లు, తిన్నదానికి సరిపడా బిల్లు, ఈ మూడూ చిన్న మెస్‌లో అయినా దొరకాల్సినవే. ఐదుగురు కలిసి రెండున్నర వేలు పెట్టే చోట వీటిని అడగడానికి మీరెందుకు వెనకాడాలి? కానీ అక్కడికి వెళ్లడం మానేయమని మాత్రం చెప్పను. ఎప్పుడూ బాగా వండని హోటల్‌తో మనం చేసేదేమీ ఉండదు, ఇంకో హోటల్ వెతుక్కోవడమే. మీది అలాంటిది కాదు. పులుసు తిని పార్సిల్ కూడా కట్టించుకున్నారంటే ఆ వంటింట్లో చేయి తిరిగిన మనిషి ఎవరో ఉన్నారు. మరి ఆదివారం రెండింటికి ఆ చేతివంట ఎందుకు చెడుతోంది అన్నదే అసలు ప్రశ్న, అది తెలిస్తే మీ చికాకు సగం తగ్గుతుంది. 70 ఏళ్ల పెద్దాయన నడిచి వెళ్లి, తెలిసిన మొహాల మధ్య కూర్చుని తినగలిగే చోటు ఈ ఊళ్లో అంత తేలిగ్గా దొరకదు కూడా.

మా పెదనాన్న వాళ్లకి గుంటూరులో మెస్ ఉండేది. సెలవులకు వెళ్తే కౌంటర్ పక్కన కూర్చునేవాళ్లం, అందుకే ఏ హోటల్‌కి వెళ్లినా నా కళ్లు వంటింటి తలుపు వైపే పోతాయి. బయట బోర్డు ఒకటే అయినా మీరు చెప్పినలాంటి హోటల్లో లోపల నాలుగు వంటిళ్లు నడుస్తుంటాయి. బిర్యానీ మాస్టర్ వేరు, మీల్స్, కూరలు చూసే మాస్టర్ వేరు, తందూరి బట్టీ దగ్గర నిలబడేవాడు వేరు, చైనీస్ పొయ్యి దగ్గర కళాయి తిప్పేవాడు వేరు. వాళ్ల సెలవులు వేరు, ఊళ్లు వేరు, ఒకరి పని ఇంకొకరికి రాదు. కూరల మాస్టర్ సంక్రాంతికి ఊరెళ్తే ఆ వారం రోజులూ హెల్పర్ కూరలు వండుతాడు, అతనికి కొలతలు తెలుసు కానీ ఎక్కడ ఆపాలో తెలియదు. తందూరి కుర్రాడు ఏ ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చి ఉంటే దసరాకి వెళ్లి మళ్లీ తిరిగి వస్తాడో రాడో ఓనర్‌కే తెలియదు. అందుకని 'ఈ హోటల్ బాగుంటుందా' అని అడిగితే జవాబు దొరకదు, 'ఇక్కడ ఏ వంటకం, ఏ పూట బాగుంటుంది' అని అడగాలి. ఇన్ని వారాలుగా తింటున్నారు కాబట్టి మీ ఇంట్లోవాళ్లే కూర్చుని ఒకసారి గుర్తు చేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

నాటుకోడి సంగతే చూడండి. అది బ్రాయిలర్‌లా చప్పున ఉడికే కోడి కాదు. ఆర్డర్ ఇచ్చాక మొదలుపెడితే మీరు గంట కూర్చోవాలి. కాబట్టి హోటళ్లలో పొద్దున్నే ముక్కల్ని ఉప్పు, పసుపు వేసి ఉడికించి పక్కన పెట్టుకుంటారు. ఉల్లిపాయ, మసాలా వేయించిన గ్రేవీ వేరే గిన్నెలో ఉంటుంది. మీరు ఆర్డర్ చెప్పాక రెండూ కలిపి, ఒక పొంగు రానిచ్చి, కొత్తిమీర చల్లి పంపిస్తారు. ఇందులో తప్పేమీ లేదు, ముక్క సరిగ్గా ఉడికి ఉంటే ఆ రెండో పొంగులో పులుసు ఇంకా బాగా పడుతుంది. తేడా ఎక్కడొస్తుందంటే, పొద్దున ఉడికించినది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా అయిపోతుంది. అప్పుడు రెండో విడత ముక్కలు హడావిడిగా ఉడికిస్తారు, ఇంకో పావుగంట ఉండాల్సింది ముందే దించేస్తారు. గ్రేవీ గిన్నె కూడా అడుక్కి వచ్చి ఉంటుంది కాబట్టి వేడినీళ్లు, కాస్త కారం కలిపి సర్దేస్తారు. మీకు దొరికిన నీళ్ల పులుసు, సాగే ముక్క రెండూ ఒకేసారి రావడానికి కారణం నా అంచనాలో ఇదే. వేరు వేరు తప్పులు కావు, రెండో విడత వంట అది.

బిర్యానీది ఇంకో లెక్క. పచ్చి మాంసంతో దమ్ చేసే బిర్యానీలో నానబెట్టిన ముక్కలు అడుగున, సగం ఉడికిన బియ్యం పైన, మూత చుట్టూ పిండి ముద్ర. హండీ తెరిచాక మాస్టర్ సాసర్ లాంటి పళ్లెం తీసుకుని పైపైన కాకుండా ఒక పక్క నుంచి నిలువుగా దింపి కిందిదాకా తీస్తాడు. అలా తీస్తేనే ప్లేట్లో తెల్ల మెతుకు, కుంకుమపువ్వు రంగు పట్టిన మెతుకు, మసాలా మెతుకు, దాని కింద ముక్క, అన్నీ వస్తాయి. హండీ సగం వరకు ప్రతి ప్లేటూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆ తర్వాత అడుగున మిగిలేది నూనె, ఉప్పు, విరిగిన మెతుకు, ముక్క నుంచి విడిపోయిన ఎముక. పైన వేరే హండీలో మిగిలిన తెల్ల అన్నం తెచ్చి దీంతో కలిపి పంపేవాళ్లూ ఉన్నారు. మీ ప్లేట్లో మెతుకంతా ఒకే రంగులో, ముద్దగా, గిన్నె అంచున నూనె చేరి ఉంటే అది అడుగు హండీ. వెయిటర్‌ని మామూలుగా అడగండి: 'తమ్ముడూ, కొత్త హండీ ఎప్పుడు తీస్తారు?' సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. హైదరాబాద్‌లో బిర్యానీ తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. 'ఇంకో ఇరవై నిమిషాలు' అంటే ఈలోపు ఒక స్టార్టర్ తెప్పించుకుని ఆగండి.

ఇవన్నీ కలిసి మీ మీద పడటానికి ముఖ్య కారణం మీరు వెళ్లే టైం. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఒక కాలనీ హోటల్‌కి వారం మొత్తంలో అతి కష్టమైన సమయం. అదే వంటింట్లోంచి లోపల టేబుళ్లకు వెళ్లాలి, పార్సిల్ కౌంటర్‌కి వెళ్లాలి, స్విగ్గీ, జొమాటో ఆర్డర్లకు వెళ్లాలి, పైన ఎవరిదో బర్త్‌డే ఉంటే దానికీ వెళ్లాలి. ఈసారి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డ డెలివరీ కుర్రాళ్లను చూడండి, ఐదారుగురు కనిపించారంటే మీ టేబుల్‌కి ఆలస్యం అవుతుందని ముందే అనుకోవచ్చు. యాప్‌లో ఆలస్యమైతే రేటింగ్ పడిపోతుందన్న భయం ఓనర్‌కి ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మీరేమో తెలిసినవాళ్లు, ఏమీ అనరు. ఎవరిది ముందు చేస్తారో మీకే అర్థమవుతుంది. ఇది నాకు నచ్చదు, నడిచి వచ్చి కూర్చున్న మనిషికి ముందు పెట్టడం హోటల్ ధర్మం అనే నేను నమ్ముతాను. కానీ అది మారేదాకా మీరు పన్నెండున్నరకు వెళ్లండి. మీల్స్ కూడా ఆ టైంలోనే తినాలి. వేపుడు అప్పుడే కళాయి దిగి ఉంటుంది, సాంబార్‌లో ముక్కలుంటాయి, అన్నం మొదటి విడతది. రెండున్నర దాటాక సాంబార్‌లో నీళ్లు, వేపుడు స్థానంలో ఇంకేదో. అత్తగారికి, మామగారికి తొందరగా తినడం అలవాటే అయి ఉంటుంది, ఈ మార్పుకి అడ్డుపడేది మీ అమ్మాయి ఆదివారం నిద్ర ఒక్కటే.

బిర్యానీ ముందు, కబాబ్ తర్వాత రావడం గురించి మీకు కోపం ఉంది, ఉండాలి కూడా, కానీ దాని మందు మీ చేతుల్లోనే ఉంది. మీరు కూర్చోగానే అన్నీ ఒకేసారి చెప్తారు కదా. వెయిటర్ అన్నీ ఒకే ఆర్డర్ చీటీ మీద కొట్టి లోపలికి పంపుతాడు. బిర్యానీ వండి సిద్ధంగా ఉన్నది, ప్లేట్లో పెట్టడానికి రెండు నిమిషాలు. కబాబ్ ముక్క గుచ్చి బట్టీలో కాలాలి, ముందు నాలుగు ఆర్డర్లుంటే అది మామూలుగానే ఆలస్యం. కాబట్టి మొదట స్టార్టర్లు మాత్రమే చెప్పండి. 'మిగతావి ఇవి తిన్నాక చెప్తాం' అనండి, మెనూ కార్డు టేబుల్ మీదే ఉంచుకోండి. కబాబులు సగం అయ్యాక బిర్యానీ చెప్పండి. ఇంత చిన్న పనికి ఎంత తేడా వస్తుందో వచ్చే వారమే చూస్తారు. మంచినీళ్లకు మాత్రం కూర్చోగానే ఒక జగ్గు టేబుల్ మీద పెట్టించుకోండి, గ్లాసు గ్లాసుకీ పిలవక్కర్లేదు. ఆ కుర్రాడు ఎన్ని టేబుళ్లు చూస్తున్నాడో ఒకసారి లెక్కపెట్టి చూడండి, ఆదివారం ఒక్కడి మీద ఎనిమిది, పది టేబుళ్లు వేసే ఓనర్లున్నారు. అక్కడ తప్పు పరుగెత్తేవాడిది కాదు, ఇంకో మనిషిని పెట్టనివాడిది. కోపం ఎవరి మీద చూపించాలో తేల్చుకోవాలంటే ఇది చూడాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుకుపోగలిగేవి. చేపల వేపుడు విషయం వేరు. అందులో సర్దుకుపోవద్దు. గొంతు పట్టేయడానికి కారాలూ కారణం కావచ్చు, కానీ పదేపదే కాగిన నూనె చేసే పని కూడా సరిగ్గా అదే. వేపుడు బయట మరీ నల్లగా ఉండి లోపల మెత్తగా ఉంటే, తిన్నాక నాలుక మీద జిగురుగా అనిపిస్తే, ముక్క విరిచినప్పుడు చేప వాసన కన్నా పాత నూనె వాసన ముందు తగిలితే, నూనె మార్చలేదని అర్థం. ఈ విషయంలో ప్రభుత్వ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ఉంది. కాగే కొద్దీ నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు, 2018 జూలై నుంచి ఇది అమల్లో ఉంది. మీరు టేబుల్ దగ్గర దాన్ని కొలవలేరు, కానీ వేపుడు వచ్చిన వెంటనే వెనక్కి పంపగలరు. అన్నం విషయంలోనూ అంతే పట్టుదలగా ఉండండి. వండిన అన్నం గంటల తరబడి మామూలు గదిలో వదిలేస్తే అందులో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారవుతుంది. తర్వాత కళాయిలో ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన అయినా ఉండాలి, చల్లనిది 5 డిగ్రీల లోపు అయినా ఉండాలి, మధ్యలో వదిలేస్తేనే ప్రమాదం. అందుకే రాత్రి బాగా పొద్దుపోయాక ఫ్రైడ్ రైస్ తినడం పిల్లలకి అలవాటు చేయకండి, అది ఎప్పటి అన్నమో తెలియదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివరలో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది, ఊరికే కాదు. ఇంట్లో ఎవరికైనా తిన్నాక వాంతులు, విరేచనాలు అయితే బిల్లు పారేయకండి. డాక్టర్ చీటీతో కలిపి దాచి, ఫుడ్ సేఫ్టీ అధికారులకు ఫిర్యాదు చేయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో కూడా చేయొచ్చు. హోటల్ బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ వేయడం 2022 జనవరి నుంచి తప్పనిసరి. ఫిర్యాదులో ఆ నంబరే రాయాలి, మీ బిల్లు మీద ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

బిల్లు సంగతికొస్తే, మీరు ఇవ్వక్కర్లేని 252 రూపాయలు ఇచ్చారు. 2,400కి పది శాతం సర్వీస్ చార్జ్ 240, ఆ 2,640 మీద 5 శాతం జీఎస్టీ 132, మొత్తం 2,772. సర్వీస్ చార్జ్ తీసేస్తే 2,400కి జీఎస్టీ 120, బిల్లు 2,520. సర్వీస్ చార్జ్ అనేది ప్రభుత్వానికి పోయే పన్ను కాదు, హోటల్ తన కోసం వేసుకునేది. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ దాన్ని బిల్లులో తనంతట తానే కలపకూడదని, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు వాటి మీద కోర్టుకెళ్లాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చింది. కాబట్టి 'అన్నా, సర్వీస్ చార్జ్ తీసేసి బిల్లు మళ్లీ కొట్టండి' అంటే చాలు, వాదన అక్కర్లేదు. తీయనంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, మీ ఫోన్ తీసి ఆ నంబర్ చూపిస్తే సాధారణంగా అక్కడితో ఆగుతుంది. ఇంకొకటి చూడండి. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం ఉండి కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారాలకు ఉండే సులువైన జీఎస్టీ పద్ధతి) ఉన్న హోటల్ అసలు మన దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలి. మీది పెద్ద హోటల్‌లాగే ఉంది కాబట్టి బహుశా ఇది వర్తించదు, కానీ పక్క వీధి టిఫిన్ సెంటర్ దగ్గర పనికొస్తుంది. వాటర్ బాటిల్ మీద ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వేశారని మాత్రం గొడవపడకండి. కూర్చుని తినే చోట అలా వేయొచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పేసింది, మామూలు నీళ్లు అడిగి తాగండి. మిగిలిన డబ్బులో యాభయ్యో వందో ఆ పరుగెత్తే కుర్రాడి చేతిలో నేరుగా పెట్టండి. సర్వీస్ చార్జ్‌లో అతనికి ఎంత వెళ్తుందో మీకు తెలియదు, చేతిలో పెట్టింది మాత్రం అతనిదే.

మీవారి మొహమాటం నాకు అర్థమవుతుంది. గుమ్మంలోకి రాగానే లేచి నిలబడి 'రండి రండి' అనే మనిషిని ఏమనగలం? కానీ ఆయన అనుకుంటున్నట్టు చెప్పకపోవడం ఓనర్‌కి చేసే మేలు కాదు. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి వంటింట్లో రెండో విడత పులుసు ఎలా ఉందో తెలియదు, ఎవరూ ప్లేట్ వెనక్కి పంపకపోతే బాగుందనే అనుకుంటాడు. నెమ్మదిగా మీలాంటి కుటుంబాలు రావడం మానేస్తాయి, అతనికి కారణం ఎప్పటికీ తెలియదు. చెప్పడానికి ఒక పద్ధతుంది. కూర బాగోలేకపోతే రెండు ముద్దలకే చెప్పాలి, గిన్నె ఖాళీ చేశాక కాదు. తినేశాక ఎవరూ మార్చరు, మార్చమనడం న్యాయం కూడా కాదు. వెయిటర్ కుర్రాడితో కాకుండా కెప్టెన్‌ని, అంటే వెయిటర్లందరినీ చూసుకునే మనిషిని పిలిచి చెప్పాలి, ఎందుకంటే కుర్రాడు లోపలికెళ్లి మాస్టర్‌తో అనలేడు. 'ఏం బాగోలేదు' అనకుండా 'ముక్క ఉడకలేదు, పులుసు పల్చగా ఉంది, మార్చి ఇవ్వండి' అని ఏది తప్పో చెప్పాలి. ఓనర్‌తో మాట్లాడాల్సింది రష్ టైంలో, అందరి ముందు, బిల్లు చేతిలో పట్టుకుని కాదు. మామూలు రోజు నాలుగింటికి మీరిద్దరూ టీకి వెళ్లినట్టు వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. బాగున్నదేదో కూడా చెప్పండి, అబద్ధంగా కాదు, నిజంగానే ఆ పులుసు మీకు నచ్చింది కదా. 'మీ నాటుకోడి కోసమే వస్తాం, ఆదివారం రెండింటికి మాత్రం అది అలా ఉండట్లేదు' అంటే ఏ ఓనరూ చిన్నబుచ్చుకోడు. చిన్నబుచ్చుకున్నా పర్లేదు, డబ్బిచ్చి తింటున్నది మీరు.

మీ అమ్మాయితో ఈ మాట చెప్పండి: రివ్యూ రాయడం తప్పు కాదు, కానీ ఓనర్‌కి చెప్పి, రెండుసార్లు చూసి, అప్పటికీ మారకపోతే రాయాలి. రాసినప్పుడు ఏ రోజు, ఏ టైం, ఏ వంటకం, ఏం తేడా అన్నది రాయాలి. బాగున్నది బాగుందని కూడా రాయాలి. మీరు చెప్పిన దాన్ని బట్టి నిజాయితీగా ఇవ్వాల్సింది మూడు స్టార్లు, ఒకటి కాదు. ఒక్క స్టార్ పెట్టి 'వరస్ట్' అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు, పదిమంది బతికే హోటల్‌కి దెబ్బ మాత్రం తగులుతుంది. కళ్లతో చూడకుండా 'కుళ్లిన మాంసం' లాంటి మాటలు అసలు రాయకూడదు. రివ్యూ రాస్తానని బెదిరించి డిస్కౌంట్ తీసుకోవడం ఇంకా చెడ్డ అలవాటు, ఇప్పుడే ఆపాలి. అదే నూనె విషయం చెప్పాక కూడా వేపుడు అలాగే వస్తే, ఆ సంగతి రాయడానికి వెనకాడొద్దు, నాలుగు ఇళ్లవాళ్లకు పనికొచ్చే మాట అది.

ఇక మామగారి పుట్టినరోజు. ఇవ్వచ్చు, కానీ ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో ఇవ్వకూడదు. 60 మందికి వంట అంటే ఐదుగురి టేబుల్ లాంటిది కాదు. విచిత్రంగా అనిపించినా ఇలాంటి హోటళ్లు తమకు బాగా వచ్చినది ఒక్కసారి పెద్ద మొత్తంలో వండటంలో తడబడవు, విడివిడి ఆర్డర్లలోనే తడబడతాయి. అందుకని మెనూ చిన్నది పెట్టుకోండి. మటన్ బిర్యానీ, నాటుకోడి పులుసు, శాకాహారులకు వెజ్ బిర్యానీ లేదా పప్పు, గుత్తి వంకాయ, అందరికీ అన్నం, సాంబార్, పెరుగు, ఒక స్వీటు. కబాబులు, చైనీస్, చేపల వేపుడు వద్దే వద్దు. బట్టీ మీద 60 మందికి ఒకేసారి కాల్చడం వాళ్ల వల్ల కాదు. సగంమందికి వేడిగా, సగంమందికి చల్లారి అందుతాయి, చుట్టాలు గుర్తుపెట్టుకునేది అదే. బిర్యానీ హోటల్ హండీలోంచి తీసి పంపడం కాదు, మీ ఫంక్షన్‌కి వేరే హండీ ఎక్కించాలి, హాల్లోనే మూత తీయాలి. కూరలు కూడా ఉన్నప్పుడు తలకి వంద నుంచి నూట పాతిక గ్రాముల బియ్యం లెక్కేస్తే సరిపోతుంది, అంటే 60 మందికి ఆరు నుంచి ఏడున్నర కిలోలు. ఓనర్ పది కిలోలంటే ఎందుకో అడగండి.

రోజు మార్చగలిగితే శనివారం రాత్రికి మార్చమనే అంటాను, వంటింటి మీద అంత ఒత్తిడి ఉండదు. పుట్టినరోజు నాడే చేయాలని మామగారు పట్టుబడితే, ఆయన మాటే నెగ్గాలి కాబట్టి, వడ్డన పన్నెండింటికల్లా మొదలుపెట్టించండి. ఆన్‌లైన్ ఆర్డర్ల రద్దీ మొదలయ్యేలోపు మీవాళ్ల భోజనాలు చివరికి వచ్చేస్తాయి. ఓనర్ దగ్గర ఒక కాగితం మీద రాయించుకోండి: ఆ రోజు కూరల మాస్టర్, బిర్యానీ మాస్టర్ ఇద్దరూ ఉంటారు, పై హాలుకే అని ఐదుగురు వడ్డించే మనుషులు ఉంటారు, సర్వీస్ చార్జ్ ఉండదు, ప్లేటు రేటు జీఎస్టీతో కలిపి ఎంత, 60 మందికి చెప్పి 50 మందే వస్తే ఎన్ని ప్లేట్లకు లెక్కేస్తారు, మిగిలిన బిర్యానీ ఎవరిది. ఆ చివరి రెండింటి దగ్గరే గొడవలన్నీ వస్తాయి, బాగా తెలిసినవాళ్ల మధ్య కూడా. అడ్వాన్స్‌కి రసీదు తీసుకోండి. ఏ మాస్టర్ సెలవు ఎప్పుడో చెప్పలేనంటే, లేదా కాగితం మీద రాయడానికి నసుగుతుంటే, హాలు మాత్రం వాళ్లది మాట్లాడుకుని వంట మీకు తెలిసిన క్యాటరింగ్ వాళ్లకి ఇవ్వచ్చేమో అడగండి, అదీ కుదరదంటే మీ అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో చేసుకోండి. మామగారికి కావాల్సింది తనవాళ్లంతా ఒకచోట కూర్చుని తృప్తిగా తినడం, గోడలు ఎవరివైతే ఏంటి.

డబ్బు కట్టేలోపు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పై హాల్లో వేరేవాళ్ల ఫంక్షన్ జరుగుతుండగా మెట్ల దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. వంటింటి నుంచి పైకి గిన్నెలు ఎలా వెళ్తున్నాయి, మూతలున్నాయా, రెండోసారి అడిగినవాళ్లకి అన్నం ఎంతసేపట్లో వస్తోంది, చేతులు కడుక్కునే చోట నేల తడిసి ఉందా. మామగారి ఈడువాళ్లు చాలామందే వస్తారు కదా, రెండంతస్తులు ఎక్కాలి, లిఫ్ట్ ఉందో లేదో, ఉంటే ఆదివారం పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఓనర్‌తో బేరం ఆయన మాట్లాడితే బాగుంటుంది, కాగితం మాత్రం మీరు రాయించుకోండి.